గాజుకొలనిలో దాంపత్యము

మా పాఠశాలకు పూర్వవిద్యార్థులు కొందఱు చందాలు వేసికొని యొక పెద్ద గాజుతొట్టిని బహూకరించిరి. పొడవు ఆరడుగులు, వెడల్పును ఎత్తును రెండేసి అడుగులు. నిండుగా నింపినచో సుమారు 680 లీటర్ల నీరు పట్టును. ఆ బరువు మోయుటకు ఇనుపబల్ల చేయింపవలసి వచ్చెను. బల్ల వచ్చెను, తొట్టి వచ్చెను, కాని చూచుకొను మనిషి మాత్రము రాలేదు. విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు ఆ నెలలోనే బదిలీయై పోయిరి. ప్రధానోపాధ్యాయులవారు మావైపు చూచిరి. భాషాపండితులకు తీరిక యెక్కువ యను లోకాభిప్రాయము హనుమకొండయందును కలదు. మత్స్యములనుగూర్చి మాకు తెలిసినదెల్ల మత్స్యావతారకథయు, మీనాక్షి యను పదమునకు విగ్రహవాక్యమును మాత్రమే. ఆ విద్యతోడనే మేము మత్స్యపోషణమునకు దిగితిమి.

ఒక దుకాణమునకు పోయి, పిల్లలు చూచి సంతోషింపదగిన చేపలేవి యని యడిగితిమి. దుకాణదారుడు ఫ్లవర్‌హార్న్ అను చేపను చూపెను. ఎఱ్ఱని దేహము, నుదుట ఉసిరికాయంత బుడిపె. ఆ బుడిపె యెంత పెద్దదైన ఇంటికి అంత లక్ష్మి యట! ధరయు బుడిపెనుబట్టియే. ఈ జాతి ఏ నదిలోను పుట్టినది కాదు. 1990 దశకములో మలేషియాలో అమెరికా ఖండపు చేపలను సంకరముచేసి పుట్టించిరి. అట్టి చేప నుదుట మన భాగ్యరేఖ యెట్లు వ్రాయబడెనో వాస్తుపండితులే చెప్పవలెను. మేము నవ్వితిమి, నవ్వుచునే కొంటిమి. జంటగా ఇమ్మంటిమి. అతడు వేఱొక తొట్టినుండి చిన్నదానిని పట్టి, "మంచి జోడీ సార్, గ్యారంటీ" అనెను. జోడీ యని యెట్లు తెలిసెనని మేమడుగలేదు. ఒకటి మగ, ఒకటి ఆడ. మగదానికి బుడిపె యున్నది. ఇంక కావలసినదేమి?

శుక్రవారము సాయంకాలము వానిని తొట్టిలో వదలితిమి. అందఱకును చక్కగా కనబడవలెనని తొట్టిలో రంగుఱాళ్లు పలుచగా పఱచి, తక్కినదంతయు ఖాళీగా ఉంచితిమి. సోమవారము ఉదయమున పోయి చూడగా ఆడచేప మూలను, నీటిని వడగట్టు గొట్టము వెనుక, రెక్కలు చినిగి చచ్చిపడియుండెను. మగచేప తొట్టి నడుమ ఠీవిగా తిరుగుచుండెను. పిల్లలు చుట్టును మూగిరి. ఏమియు తోచక, "చేపల స్వభావమట్టిది" అని సర్దిచెప్పబోతిమి. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, "అది దాక్కునేందుకు ఒక్క రాయన్న పెట్టలేదు గద సార్?" అనెను.

ఆ ప్రశ్నకు ఆనాడు తరగతిలో మేము బదులు చెప్పలేదు. చెప్పవలసిన చోటు వేఱొకటి యుండెను.

రెండేండ్ల క్రిందట మా అన్నగారి కుమార్తెకు సంబంధము కుదిర్చినవారము మేమే. వరుని జీతమెంత, ఇల్లు సొంతమా, నక్షత్రములు పొసగునా యని విచారించితిమి. పెండ్లిచూపులు అరగంట జరిగెను. అందు ఇరువదియైదు నిమిషములు పెద్దలమే మాటలాడితిమి. 1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినదని బడిలో పాఠము చెప్పు మేము, "లాంఛనములు" అను మెత్తని మాటచాటున ఇచ్చినది లెక్కపెట్టి యిప్పించితిమి. పదునాలుగు నెలలకు ఆ పిల్ల యొక సంచితో పుట్టింటికి తిరిగివచ్చెను. చదువు ధ్రువపత్రములును బ్యాంకు కార్డును అత్తవారి బీరువాలోనే యుండెను. చేతిమీది కమిలిన గుర్తును మేము చూచితిమి. చూచియు, "సర్దుకొనవలెనమ్మా, సంసారమన్న అంతే" అంటిమి. ఆ పిల్ల మాతో మఱి మాటలాడలేదు. అభిమానవతి యని మేము సమాధానపడితిమి. చేప చచ్చిన దినమున మేము తరగతిలో చెప్పబోయినదియు ఆ మాటయే. మా నోటికి అది యంతగా అలవాటైయుండెను.

ఆ రాత్రినుండి మేము ఆ చేపలనుగూర్చి చదువ మొదలుపెట్టితిమి. ఇవి సిక్లిడు కుటుంబమునకు చెందినవి. ఇంతవరకు వర్ణింపబడిన జాతులే 1,700కు మించియున్నవి. ఆఫ్రికాలోని మలావి, టాంగనికా, విక్టోరియా సరస్సులును, మధ్య దక్షిణ అమెరికా నదులును వీని ముఖ్యనివాసములు. మన దేశమునకు సహజమైనవి మూడే. వానిలో కరిమీనును 2010లో కేరళ తన రాష్ట్రమత్స్యముగా ప్రకటించెను. మన చెఱువులలో నేడు దొరకు తిలాపియాయు ఈ కుటుంబములోనిదే. అది 1952లో మన దేశమునకు తేబడినది. వీనికొక విశేషము కలదు. పెక్కు చేపలు గ్రుడ్లు పెట్టి వదలిపోవును. ఇవియో గ్రుడ్లను పిల్లలను కాపాడును. పెక్కు జాతులలో తల్లిదండ్రులిరువురును కాపు కాయుదురు. కావుననే వీనికి జంట కుదురుట ప్రాణముతో కూడిన పని.

జంటను కుదుర్చుటలో అనుభవజ్ఞులు చెప్పు పద్ధతి ఇది. పెరిగిన మగదానిని పెరిగిన ఆడదానిని తెచ్చి ఒకచోట పడవేయరాదు. ఒకే వయస్సు పిల్లచేపలను ఆరింటినో ఎనిమిదింటినో కలిపి పెంచవలెను. ఎదిగినకొలది అవియే ఒకదానినొకటి ఎంచుకొనును. ఎదురెదుర నిలిచి దేహమును కంపింపజేయును; నోట నోరు పట్టి బలము చూచుకొనును; రెండును కలిసి ఒక ఱాతిని శుభ్రము చేయును. అట్లు జంట యేర్పడినపిదప తక్కినవానిని వేఱుచేయవలెను. పరీక్షలో ఆడచేప వెనుదీయవచ్చును. వెనుదీసినచో దాగుటకు చోటుండవలెను. ఈ రెండవ మాటయే ముఖ్యమైనది. తామే ఎంచుకొన్న జంటలు సయితము గ్రుడ్లు చెడినప్పుడో, ఒకటి సిద్ధపడి వేఱొకటి సిద్ధపడనప్పుడో పోరాడుకొనును. కనుక జంట కుదిరినదని ఱాళ్లను తీసివేయుట అవివేకము.

నీటి విషయమునను మేము తప్పుచేసితిమి. చేపల మలమునుండి అమోనియా పుట్టును. కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. క్రొత్త తొట్టిలో ఆ జీవులు నెలకొనుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మేము నాలుగు దినములైనను ఆగలేదు. పెండ్లికూతురు రాకమునుపు ఇల్లు కాపురమునకు తగియున్నదా యని చూచువారెందఱు?

ఈసారి తొందరపడలేదు. మా బడి బోరునీరు కఠినజలము. మృదుజలమును కోరు డిస్కసు చేపలు దానికి తగవు. కావున మధ్య అమెరికానుండి వచ్చిన కాన్విక్టు సిక్లిడులను ఎన్నుకొంటిమి. ఒడలిపై నల్లని చాఱలుండుటచేత వానికి ఖైదీల పేరు వచ్చెను. మగది పెద్దది, ఆడదాని కడుపున నారింజరంగు మెఱయును. తొట్టి నడుమ ఱాళ్లను అడ్డుగోడగా పేర్చి, ఇరువైపుల మట్టికుండలను బోర్లించి, తక్కినచోట సందులు విడిచితిమి. ఆఱు వారములు నీటిని సిద్ధపఱచి, పిదప ఎనిమిది పిల్లచేపలను వదలితిమి. కొన్ని మాసములకు రెండు జంటలేర్పడెను. మేమూహించిన జంటలలో ఒక్కటియు నిజము కాలేదు! మిగిలిన నాలుగింటిని వేఱు తొట్టికి మార్చితిమి. ఒక విద్యార్థి తండ్రి, "భద్రకాళి చెరువుల వదిలేస్తే అయిపాయె గద సార్" అనెను. పరదేశపు చేప ఒకసారి మన చెఱువున పడిన తిరిగి తీయుట మనతరము కాదని తిలాపియా కథ చెప్పి వారించితిమి.

జంతుప్రవర్తనను పరిశీలించి 1973లో నోబెల్ బహుమతి నందిన కాన్రాడ్ లోరెంజ్ అను పండితుడు, దురాక్రమణమునుగూర్చి 1963లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి చేపల ముచ్చట యొకటి చెప్పెను. తొట్టి నడుమ అద్దముంచి ఇరువైపుల రెండు జంటలను పెట్టగా, మగచేపలు తమ కోపమును అద్దముమీదుగా పొరుగువానిపై చూపుచుండెనట. అద్దమునకు పాచిపట్టి పొరుగువాడు కనబడనిచో ఆ కోపము భార్యపైకి తిరుగునట. అద్దమును తుడిచినంతనే ఇల్లు మరల శాంతించునట. దీనిని చదివి మేము చాలసేపు ఊరకుంటిమి. కార్యాలయమున అధికారి మాట పడి, ఇంటికి వచ్చి ఇల్లాలిపై చేయెత్తు పురుషుని మనమెఱుగుదుము. చేపకు వివేకము లేదు. అద్దము తుడుచువాడు వేఱొకడు. మనుష్యుడు తన అద్దమును తానే తుడుచుకొనవలెను.

చదువరులు మమ్ము అపార్థము చేసికొనరాదు. చేపలనుండి ధర్మశాస్త్రము గ్రహింపుమని మేమనుట లేదు. మలావి సరస్సున ఒక మగచేప పెక్కు ఆడచేపలతో జతకట్టి, పిల్లల భారమంతయు తల్లి నోటికే విడిచిపోవును. ఆకలియైనచో తన గ్రుడ్లను తానే తిను చేపలును కలవు. వానిని ఆదర్శముగా గొన్న మన సంఘము ఇప్పటికంటె బాగుపడదు. మేము నేర్చినది చేపల నీతి కాదు; తొట్టి పెట్టువాని బాధ్యత.

ఈ సంగతి ఓరుగల్లు ప్రాంతమువారికి క్రొత్తది కాదు. 13వ శతాబ్దమున గణపతిదేవుని కాలమువారు రామప్ప, పాకాల చెఱువులను కట్టిరి. కట్ట యెంత బలమైనదైనను, నీరు మిగిలిన పోవుటకు మత్తడి విడిచిరి. మత్తడి లేని చెఱువు తెగును. తెగినపుడు క్రింది పొలములను ముంచును. కాపురమునకు కట్ట వలదని మేమనము. దానికి మత్తడి యుండవలెనందుము. 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టము భార్యకు కాపురమున్న యింటియందే నివసించు హక్కు నిచ్చెను. అది దారి. కాని ఆ దారి మొదట పుట్టినవారే నిలిచి, "సర్దుకొనుము" అని చేతులు చాచి అడ్డగించిన, చట్టమేమి చేయును? 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు వారికెదురు నిలిచినది పరులు కారు, బంధుమిత్రులే.

ఆడచేప చచ్చిన వారమునకే మేము అన్నగారింటికి పోయితిమి. పిల్లను పిలిచి, మేమన్న మాట తప్పని చెప్పితిమి. నలువదియారేండ్ల వయస్సున, ఇంటి పిల్ల యెదుట తప్పు ఒప్పుకొనుటకు నోరు పెగలుట యెంత కష్టమో ఆనాడు తెలిసెను. ఆ పిల్ల వెంటనే ఏమియు అనలేదు. మఱునాడు పెద్దమనుష్యులను వెంటబెట్టుకొని పోయి ధ్రువపత్రములను తెచ్చితిమి. ఇప్పుడామె బి.ఎడ్. చదువుచున్నది. తక్కిన విషయము ఆమె నిర్ణయమునకే విడిచితిమి.

మొన్న మా బడికి వచ్చి తొట్టి చూచెను. ఒక జంట కుండలో గ్రుడ్లుపెట్టి, అవి మూడు దినములకు పగిలి, మఱి అయిదు దినములకు పిల్లలు ఈదసాగినవి. తల్లి ముందు, తండ్రి వెనుక. నడుమ నువ్వులు చల్లినట్లు పిల్లలు. ఆమె ఎక్కువసేపు చూచినది వానిని కాదు, నడుమనున్న ఱాళ్లను.

"ఇవి ఎప్పుడు పెట్టిన్రు బాబాయ్?" అనెను.

"ఈసారి చేపలను వదలకముందే పెట్టితిమమ్మా" అంటిమి.

"అప్పుడే పెట్టాలె" అని, మరల తొట్టివైపు తిరిగెను.