కారు ముందుచక్రముల బ్రేకులు

పొయ్యిమీఁది పప్పు అడుగంటుచున్నదని వాసనవలనను, కుక్కరు రబ్బరు పాడైనదని కూఁతవలనను ఆఁడువారు చూడకయే చెప్పఁగలరు. కారెక్కినంతనే యీ విద్యను మగవారి కొప్పగించి యూరకుండుట మాకు నచ్చదు.

గడచిన వేసవిలో మా కారు ఆఁగునపుడెల్ల ముందుచక్రములయొద్ద కీచుమని సన్నని రొద పుట్టుచుండెను. "దుమ్ము పట్టియుండును, ఒక వాన పడినచో పోవును" అని మావారనిరి. పదిదినములలో పిల్లలతోడను అత్తగారితోడను తిరుమల యాత్ర నిశ్చయమైయున్నది. 1944లో తెఱచిన మొదటి కనుమత్రోవయే నేఁడు కొండ దిగుటకు వాడుచున్నారు. నిండుబరువుతో అన్ని మలుపులు దిగవలసిన బండిలో ఆ రొద యేమో తేలకుండ పిల్లల నెక్కింపమని మేము పట్టుపట్టితిమి.

ఈ బ్రేకు పని మన కర్థము కానిది కాదు. చక్రముతోఁ గూడ నొక యినుపపళ్ళెము తిరుగును, అదియే డిస్కు. దాని కిరువైపుల నున్న ప్యాడులను దిమ్మలు పళ్ళెమును అదిమిపట్టఁగా చక్రము నిలుచును. ప్యాడులను పట్టియుండు గూడు కాలిపరు. కాలి యొత్తిడి నూనెగుండ వచ్చి, దానిలోని పిస్టనును త్రోయును. బండి ఆఁగునపుడు బరువు ముందునకు వ్రాలును గనుక ముందుచక్రముల ప్యాడులకే శ్రమ యెక్కువ. ఇంగ్లండులో లాంచెస్టరను నాయన 1902లోనే యిట్టి బ్రేకునకు పేటెంటు పొందెను. ఆనాఁటి రాగిదిమ్మల రొద దుర్భరముగా నుండెడిది. నేఁటి రొద వేఱు. ప్యాడు రెండుమూఁడు మిల్లీమీటర్లకు అరిగినపుడు పళ్ళెమునకు తగిలి కూయునట్లు చాల ప్యాడులకు చిన్న యుక్కురేకును తయారుచేయువారే బుద్ధిపూర్వకముగా నమర్చుదురు. అది మనకుఁ బంపిన కబురు. దానిని దుమ్మనుట యేమి న్యాయము?

మెకానిక్కు మా వాకిటనే పని చేసెను. చక్రము నేల నానియుండఁగానే నట్లను కొంచెము వదులుచేసి, పిదప జాకీతో లేపి, స్టాండు పెట్టెను. కాలిపరును విప్పి, రబ్బరుగొట్టముమీఁద వ్రేలాడనీయక తీఁగతోఁ గట్టెను. ఆ యొక్కపనితో అతనియందు మాకు గుఱి కుదిరినది. ప్యాడుల ధూళిని నోట నూఁదఁబోయిన మా పెద్దవానిని మాత్రము మేమే వారించితిమి. పూర్వము ప్యాడులలో ఆస్‌బెస్టాసు కలిపెడివారు. అది ఊపిరితిత్తులకు చేటు. ఏ ధూళిలో నేమున్నదో కంటికిఁ దెలియదు గదా.

ఎడమచక్రపు లోపలి ప్యాడు రెండు మిల్లీమీటర్లే మిగిలినది. కాలిపరు జరుగవలసిన పిన్ను ఎండి పట్టుకొనుటయే కారణము. అతఁడు దానిని తుడిచి గ్రీజు పెట్టెను. కుడివైపువి నాలుగున్నవి. "ఇవి యింకను కొన్నినెలలు వచ్చునమ్మా" అని అతఁడనఁగా మావారికి ఖర్చు తగ్గునని సంతోషమైనది. మే మొప్పుకొనలేదు. ఒకచక్రము గట్టిగను ఒకచక్రము మెత్తగను పట్టినచో బండి ప్రక్కకు లాగును. రెండువైపుల నొక్కమాఱే మార్పవలయును. కొంత వాదము జరిగినది, రెండుజతలును వచ్చినవి.

క్రొత్తప్యాడులు మందముగా నుండును గనుక పిస్టనును వెనుకకు త్రోయవలయును. అపుడు పైనున్న డబ్బాలో నూనె మట్టము పెరుగును. అది పొంగి కారు రంగుపైఁ బడినచో రంగు చెడును. ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి. పని ముగిసిన పిదప మావారు మొదటిసారి కాలు మోపఁగా పెడలు నేలవఱకుఁ బోయెను! పిస్టను మరల ప్యాడును తాఁకువఱకు నట్లే యుండునఁట. నాలుగైదుమార్లు త్రొక్కఁగా గట్టిపడినది. ఇది చూడకయే బండి కదలించినచో గుమ్మము ముందే ప్రమాదము.

తరువాత జనములేని త్రోవలో మితమైన వేగమునఁ బోవుచు, నడుమ చల్లాఱనిచ్చుచు, పలుమార్లు మెల్లగా బ్రేకు వేసిరి. అపుడుగాని ప్యాడులు పళ్ళెముతో పొందుపడవు. ఏఁబది కిలోమీటర్లు నడచిన పిదప నట్లను మరల బిగించి చూడుఁడని చెప్పి మెకానిక్కు వెళ్ళెను. ఆ పనికి స్పానరు మేమే పట్టితిమి.