నల్లరేగడిలో చేవ చెక్క కోసం

హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి మదురై దాటాక విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి పక్కగా కన్యాకుమారి వైపు సాగుతుంది. ఆ దారి పట్టుకుని నాటు కలప వెతుక్కుంటూ వెళ్లాను. బల్లలు, మంచాలు, బీరువాలు చేసే మా షెడ్డుకు ఇప్పుడొచ్చే కలపలో చాలాభాగం ఓడల్లో దిగినదే. వేప, తుమ్మ, దిరిసెన, గంగరావి కావాలంటే డిపోల్లో ఆశ్చర్యంగా చూస్తారు. మన నేలలో పెరిగిన గట్టి చెక్కను అమ్మేవాళ్లు ఇంకా ఎక్కడున్నారో తెలుసుకోవాలనిపించింది.

విరుదునగర్ దాటగానే నేల నల్లబడుతుంది. పత్తి, మినుము, మొక్కజొన్న చేలు, మధ్యమధ్య సర్కారు తుమ్మ పొదలు. సాత్తూరు దగ్గర దుంగల లారీలు కనబడితే ఆశ పుట్టింది కానీ అది అగ్గిపెట్టెల పరిశ్రమకు పోయే మెత్తటి చెక్క. దాని రాక ఎక్కువగా కేరళ నుంచి. అగ్గిపుల్లకు పనికొచ్చేది కుర్చీ కాలికి పనికిరాదు.

కోవిల్‌పట్టిలో కలప దుకాణాలు చాలానే తిరిగాను. అన్నిచోట్లా తూత్తుకుడి రేవులో దిగిన విదేశీ దుంగలు, వాటి పక్కన తోటల టేకు. ఒక దుకాణం యజమాని నా తమిళం విని నవ్వి, తెలుగులోకి మారాడు. "నాటు మానయితే ఈడ దొరకదయ్యా. రైతులకాడికే పోవాల" అన్నాడు. ఈ ప్రాంతంలో ఇళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు లెక్కలేనన్ని. లిపి రాదు, మాట మాత్రం శతాబ్దాలుగా నిలిచి ఉంది. కోవిల్‌పట్టికి దగ్గర్లోని ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ అలాంటి ఇంటివాడే. ఉత్తరం నుంచి వలస వచ్చి, అడవి కొట్టి ఊరు కట్టుకున్న తెలుగువాళ్ల కథను 'గోపల్ల గ్రామం' అనే నవలగా తమిళంలో రాశాడు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆనాడు కొట్టేసిన అడవిలో మిగిలినవి ఇప్పుడు చేనిగట్ల మీది చెట్లే.

ఎట్టయాపురం కోవిల్‌పట్టికి తూర్పున ఉంది. సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరుగా లోకానికి తెలుసు. తెలుగు మూలాలున్న పాళెగాళ్లు ఏలిన సంస్థానం ఇది. ముత్తుస్వామి దీక్షితులు 1835 దీపావళి నాడు కన్నుమూసింది ఇక్కడే, ఆయన సమాధీ ఇక్కడే. సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఈ ఊరి అచ్చాఫీసు నుంచే తెలుగులో వెలువడింది. ముత్తుస్వామి దీక్షితులు వైణికుడు కదా, ఆయన సమాధి దగ్గర నిలబడితే నాకు ముందు పనస చెక్కే గుర్తొచ్చింది. మన బొబ్బిలి వీణకూ తంజావూరు వీణకూ ప్రాణం ఆ చెక్కే. పాత పనస మాను దొరికితే వీణలు చేసేవాళ్లు ఈనాటికీ వదలరు. మిగతా నాటు చెట్లకు అలాంటి ఆదరణ లేదు.

అసలు సంగతి తెలిసింది ఆ ఊరి పక్క పల్లెలో. ఒక రైతు గట్టు మీది వేపను అప్పుడే కొట్టించాడు. దళారి నిలువు చెట్టును కంటితో చూసి మొత్తానికి ఒక ధర కట్టాడట. అది వంటచెరకు ధర. "కాళవాసలకే పోతాది, ఇంకెవురు కొంటారు?" అన్నాడు రైతు. కాళవాసలంటే ఇటుక బట్టీలు. దుంగ కోతముఖం చూస్తే ఎర్రటి చేవ నిండుగా ఉంది. అలాంటి చేవ ఇటుకల కింద కాలిపోతుందంటే నాకు నిజంగా కడుపు మండింది.

అక్కడున్న ముసలి ఆచారి ఆ చెక్క గుణమంతా వివరించాడు. వేప చేదుకు పురుగు భయపడుతుంది కానీ దాని నార అటూ ఇటూ మెలి తిరిగి ఉంటుంది, చిత్రిక ఎదురు పడితే చెక్క లేచిపోతుంది. చాకు పదునుగా ఉంచి పలచగా లాగాలి. తుమ్మను కొట్టగానే కోయకూడదు. దుంగల్ని కొన్ని నెలలు చెరువు నీళ్లలో నాననిస్తే రసం దిగిపోయి, పురుగు పట్టదు. బండి కుండలకు తుమ్మను మించింది లేదన్నాడు. గంగరావిని అక్కడ పూవరసు అంటారు. నున్నగా తేలే ముదురు గోధుమరంగు చెక్క. హవాయి దీవుల్లో దీంతోనే గిన్నెలు తొలుస్తారు, మనం కంచెలో పాతి మరిచిపోతాం. దిరిసెన కూడా అంతే. అండమాన్ నుంచి 'కొక్కో' పేరుతో యూరప్‌కు ఎగుమతైన చెక్క, మన పల్లెల్లో పొయ్యిలోకి పోతోంది.

తాటి మాత్రం వేరు. 2021 వ్యవసాయ బడ్జెట్‌లో కలెక్టరు అనుమతి లేకుండా తాటిచెట్టు కొట్టరాదని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. కాబట్టి పడగొట్టే పాత ఇళ్ల దూలాలే దిక్కు. అవీ నల్లగా ఇనుములా ఉంటాయి.

శంకరన్‌కోవిల్, తెన్‌కాశి మీదుగా సెంగోట్టై కూడా వెళ్లాను. 1956 దాకా తిరువాంకూరులో ఉన్న ఊరు, కనుమ అవతలంతా కేరళ అడవి. వరసగా కోతమిల్లులు. అడవిశాఖ డిపోల్లో వేలం పాడిన టేకు, వేగి దొరుకుతాయి, కాగితాలూ సక్రమంగా ఉంటాయి. పెద్ద కొలతల్లో కావలసినవాళ్లకు అదే సరైన చోటు. ఇరుగుడును మాత్రం నేను అడగలేదు. 2017 నుంచి దాని జాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉంది. దొరికినా తీసుకోకపోవడమే మంచిదని నా నమ్మకం.

నాకు కావలసిన సరఫరాదారు ఎట్టయాపురం పల్లెల్లోనే దొరికాడు. ఒక ఆచారి, ఒక చిన్న కోతమిల్లు, చెట్టున్న నలుగురు రైతులు. చెట్టు పడితే ఆచారి కబురు చేస్తాడు. కోసిన పలకల చివర్లకు రంగు పూసి, మధ్య పట్టీలు వేసి నీడన పేరుస్తారు. అంగుళం మందానికి ఏడాది ఆరాలన్నది పాత లెక్క. ఓపిక కావాలి, ముందుగా డబ్బు పెట్టాలి. దూరం నుంచి ఫోనులో దుంగలు తెప్పించుకునే పద్ధతికి ఇది లొంగదు. ప్రకాశంలోనో నల్గొండలోనో ఇలాంటి ఏర్పాటుకు అడ్డమేమీ లేదు, అక్కడా గట్లమీద వేపలున్నాయి, పనితెలిసిన వడ్రంగులున్నారు.

సామాన్లు చేసే తోటి పనివాళ్లకు నా మనవి ఒక్కటే. మీ ఊరి రైతు వేపనో తుమ్మనో కొట్టించే ముందు మీరే వెళ్లి చూడండి. దానికి కట్టెల ధర కాదు, చేవ ధర కట్టండి. ఆ సొమ్ములోంచి రెండు మొక్కలు నాటమని అడగండి.