టప్పా ఇల్లు

మా తెలంగాణలో పాతతరం వారు పోస్టాఫీసును ‘టప్పా’ అనేవారు. టపా సంచి చేతులు మారే మజిలీ అని ఆ మాటకు పాత అర్థం. అరబ్బీలో ‘బరీద్’ కూడా ఇలాంటిదే. ప్రయాణికుని ఖస్ర్ నమాజుకు నాలుగు బరీద్‌ల దూరమని పెద్దలు లెక్క చెప్పింది ఈ తపాలా మజిలీలతోనే.

హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా ఉండేది. మొదటి స్టాంపు 1869లో వెలువడింది. 1871 నుంచి వచ్చిన స్టాంపులపై పారశీక లిపితో పాటు ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ లిపులు కూడా చోటు చేసుకున్నాయి. బొటనవేలంత కాగితం మీద నాలుగు లిపులు! 1950 ఏప్రిల్ 1న ఆ వ్యవస్థ భారత తపాలా శాఖలో విలీనమైంది.

అంతకుముందు కోదాడవారి అవస్థ వేరు. నిజాం స్టాంపు సంస్థానం ఎల్ల దాటితే చెల్లదు. పక్కనే ఉన్న జగ్గయ్యపేటేమో బ్రిటిషు వారి మద్రాసు రాష్ట్రంలోది. మా నానీ పుట్టిల్లు అక్కడే. పొద్దున బండి కడితే పొద్దుగూకేలోగా చేరే ఊరికి ఉత్తరం వేయాలంటే పరాయి సర్కారు స్టాంపు కావాలి. “ఉత్తరం కన్నా మనిషిని పంపడమే నయం” అనేది నానీ.

నేనెరిగిన టప్పా కోదాడలోని ఒక అద్దె పెంకుటిల్లు. ముందు వసారా, ఇనుప కమ్మీల కిటికీ, లోపల కరిగించిన లక్క వాసన, ముద్ర కొట్టే చప్పుడు. సంచులు బస్సు మీద వచ్చేవి. వెనుక భాగంలో పోస్టుమాస్టరు గారి కుటుంబం కాపురముండేది. వారసత్వమని నేను చెప్పదలచింది ఆ వెనుక వసారా గురించే.

అబ్బా బొంబాయిలో దర్జీ పని చేసేవారు. నెలనెలా మనియార్డరు వచ్చేది. అమ్మీ ఖురాన్ నాజరా చక్కగా చదివేది, ఉర్దూ అక్షరం కూడబలుక్కునేది గానీ కలం పట్టి ఎరుగదు. వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి సంతకం కావాలి. సాక్షి ఉన్నచోట రహస్యం ఎక్కడిది? ఎంత సొమ్ము వచ్చిందో సాయంత్రానికి వీధంతా తెలిసేది. ఇషా నమాజు వేళకు అప్పు అడిగేవారు గుమ్మంలో ఉండేవారు.

ఈ సంగతి పోస్టుమాస్టరు గారి భార్య చెవిన పడింది. ఆమె అమ్మీని మధ్యాహ్నాలు వెనుక వాకిలి నుంచి రమ్మని పిలిచి, పలక మీద తెలుగులో పేరు దిద్దించింది. రెండు నెలలు పట్టింది. ఆ తరువాతి మనియార్డరుకు సాక్షి అవసరం రాలేదు. పోస్ట్‌మన్ సంతకం చూసి, ఏమీ అనకుండా నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

పేరుతో ఆగలేదు అమ్మీ. ఆరు నెలలకు సూర్యాపేటలోని మా ఖాలాకు కార్డు రాసింది. మాట ఉర్దూ, లిపి తెలుగు. తప్పుల తడకే, కానీ ఖాలా దాన్ని ఇరుగుపొరుగులకు చదివి వినిపించి, తానూ అలాగే జవాబు రాయించింది. నిజాం స్టాంపు మీద పక్కపక్కనే నిలిచిన రెండు లిపులు మా ఇంట ఒకే కార్డులో కలిశాయి.

కార్యాలయం ఎన్నడో వేరే చోటికి మారింది. పెంకుటిల్లు అన్నదమ్ముల వాటాల్లో చీలి, ఇప్పుడు అక్కడ దుకాణాలు వెలిశాయి. వారిని తప్పుపట్టలేను, ఎవరి ఆస్తి వారి అవసరం. కట్టడాల పరిరక్షణకు 2017లో తెలంగాణ చట్టమే చేసుకుంది గాని, అటువంటి చట్టాలు కోటలను, దేవిడీలను చూస్తాయి. అద్దె పెంకుటింటి వెనుక వసారా ఏ జాబితాకు ఎక్కుతుంది? కూల్చేముందు ఎవరైనా ఒక్క ఫోటో తీసి ఉంటే బాగుండేదన్నదే నా బాధ.

మిగిలింది అమ్మీ రేకుపెట్టె. మనియార్డరు ఫారం అడుగున రెండు మాటలు రాసుకునే కూపన్ ఉండేది. అబ్బా వాటిపై ఉర్దూలో రాసి పంపినవి 62 దొరికాయి. నా పిల్లలకు ఉర్దూ మాట వచ్చు, లిపి రాదు. అబ్బా గొలుసుకట్టు రాత నాకూ సగమే అందుతుంది. మిర్యాలగూడ నుంచి మామూజాన్ వచ్చినప్పుడల్లా ఆయన చదువుతుంటే మా అమ్మాయి తెలుగు లిపిలో ఎక్కించుకుంటోంది. “ఈసారి బియ్యానికి పోగా మిగిలితే చిన్నదానికి చెప్పులు కొను” అని ఒకదానిలో ఉంది. ఆ చిన్నది నేనే.

ఇప్పటికి 19 అయ్యాయి. మామూజాన్‌కు వచ్చే నెల కంటి శస్త్రచికిత్స. మిగిలినవి ఆ తరువాత, ఇన్షా అల్లాహ్.