పట్టీకీ ఒక వయస్సు

మా ఊరు కమ్మర్‌పల్లి. ఆర్మూరు నుంచి మెట్‌పల్లికి వెళ్ళే 63వ నెంబరు జాతీయ రహదారి మీద ఉన్నది. మా వైపు పసుపు బాగా పండుతుంది. పసుపు మీద పరిశోధన చేసే కేంద్రం కూడా మా ఊళ్ళో ఉన్నది. ఇలాంటి ఊరివాడు పందెపు కార్లను గురించి రాయడమేమిటా అని మీరనుకోవచ్చు. కాని, పందెపు కారులో మనిషి ప్రాణాన్ని కాపాడేది ఏమిటో తెలుసా? నాలుగు వేళ్ళ వెడల్పు కూడా ఉండని ఒక పట్టీ! పట్టీని నమ్ముకుని బతికేవాళ్ళు మా ఊళ్ళో ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్ళే తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాళ్ళు.

మా వీధి చివర అలాంటి తాత ఒకాయన ఉండేవాడు. చెట్టెక్కేటప్పుడు నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడును మోకు అంటారు. తాత రోజూ చెట్టు మొదట్లో నిలబడి, మోకును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడిమి చూసేవాడు. ఎక్కడైనా మెత్తబడినా, పోగులు లేచినా ఆ మోకును తీసి పక్కన పడేసేవాడు.

"ఇంకా మంచిగనే ఉంది గద, తాతా?" అని మేము అడిగేవాళ్ళం.

"కంటికి మంచిగనే కనబడ్తది, బిడ్డా! పైకి పోయినంక తెగితే ఎవలికి చెప్పుకోవాలె?" అనేవాడు తాత.

ఆ మాటకు అసలు అర్థం నాకు హైదరాబాదులో మా మేనమామ మోటారు షెడ్డులో తెలిసింది. ఒక వేసవిలో నేనక్కడ ఉండగా చిన్న స్పోర్ట్స్ కారు ఒకటి వచ్చింది. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే ఎత్తు. అంతకు ముందు పందేలలో తిరిగిన కారు అది. దాన్ని కొత్తగా కొన్నాయన చెన్నై దగ్గర ఉన్న పందెపు బాట మీద నడపాలని ఉబలాటపడుతున్నాడు.

ఆ కారులో ఒక్కొక్క సీటుకు ఆరు పట్టీలున్నాయి. రెండు భుజాల మీదుగా వస్తాయి, రెండు నడుముకు చెరొకవైపు నుంచీ వస్తాయి, మరి రెండు తొడల మధ్యనుంచి పైకి వస్తాయి. ఆరూ వచ్చి పొట్ట దగ్గర ఒక గుండ్రని బిళ్ళలో కలుస్తాయి. బిళ్ళను ఒక్క తిప్పు తిప్పితే అన్నీ ఒకేసారి ఊడివస్తాయి. కారుకు నిప్పంటుకుంటే ముళ్ళు విప్పుకుంటూ కూర్చోవడానికి వీలుండదు గదా!

మామయ్య పట్టీకి కుట్టి ఉన్న చిన్న చీటీని చూశాడు. ఆ పట్టీలు ఏ సంవత్సరం దాకా పనికివస్తాయో దాని మీద అచ్చు వేసి ఉన్నది. ఆ సంవత్సరం ఎప్పుడో దాటిపోయింది. "ఇవి మార్చాలె, సార్!" అన్నాడు మామయ్య.

"ఒక్క చిరుగైనా లేదు, ఎందుకు మార్చడం?" అన్నాడాయన.

మామయ్య పట్టీని మడత విప్పి చూపించాడు. మడత లోపల రంగు ముదురుగా ఉన్నది. ఎండ తగిలిన పైభాగం వెలిసిపోయి, గరుకుగా బిరుసెక్కి ఉన్నది. ఈ పట్టీలను సాధారణంగా పాలియెస్టరు దారంతో నేస్తారు. ఎండలో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలుంటాయి. అవి దారంలోని పొడవాటి అణువుల గొలుసులను కొద్దికొద్దిగా తెంపుతూ పోతాయి. పట్టీ చూడడానికి అలాగే ఉంటుంది. బలం మాత్రం తగ్గిపోతుంది. అందుకే ప్రపంచంలోని మోటారు పందేలకు నియమాలు పెట్టే ఎఫ్.ఐ.ఎ. సంస్థ, పట్టీలకు సుమారు ఐదేళ్ళ ఆయుష్షు మాత్రమే ఇచ్చింది. గట్టి ప్రమాదంలో ఒక్కసారి సాగిన పట్టీని వయస్సుతో నిమిత్తం లేకుండా మార్చవలసిందే.

ఆయన ఖర్చును తలచుకుని ఇంకా సందేహించాడు. అప్పుడు మామయ్య అన్న మాట నేను మరచిపోలేదు: "అసలు పట్టీలే లేకుండ కారు ఇయ్యమంటే ఇస్త, సార్! లేవని తెలిస్తే మీరు మెల్లగ నడుపుతరు. ఈ పాతవి పెట్టి మాత్రం ఇయ్య. ఉన్నయనుకుని మీరు ధైర్యం చేస్తరు."

ఆయన కాసేపు మౌనంగా నిలబడి, కొత్తవి తెప్పించమన్నాడు.

కొత్తవి రాగానే మామయ్య పని మొదలుపెట్టాడు. నేను పానాలు అందిస్తూ చూశాను. పట్టీలను బిగించే బోల్టులు మామూలువి కావు, గట్టి ఉక్కువి. రేకు చిరిగి బోల్టు ఊడి రాకుండా, రేకు వెనుక దళసరి ఉక్కు బిళ్ళ వేస్తారు. భుజాల పట్టీలు భుజం నుంచి వెనక్కు దాదాపు సమంగా పోవాలి. అవి బాగా కిందికి వంగి ఉంటే, కారు గుద్దుకున్నప్పుడు భుజాలను కిందికి లాగి వెన్నెముకను నొక్కేస్తాయి. నడుము పట్టీ పొట్ట మీద ఉండరాదు. కింద తుంటి ఎముకల మీద ఉండాలి. ఎముక దెబ్బకు తట్టుకోగలదు, పేగులు తట్టుకోలేవు. తొడల మధ్య పట్టీలు ఎందుకంటే, నడుము పట్టీ పైకి జరగకుండానూ, మనిషి దాని కిందనుంచి ముందుకు జారిపోకుండానూ పట్టి ఉంచడానికన్నమాట. చివరకు పట్టీ కొసను ఇనుప కట్టులోంచి దూర్చి, మళ్ళీ వెనక్కు తిప్పి దూర్చాలి. ఆ రెండో దూర్పు మరచిపోతే, గట్టి లాగుడుకు పట్టీ జారి బయటికి వచ్చేస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకండుకు సుమారు 17 మీటర్లు. పైనుంచి కిందికి పడే వస్తువుకు ఆ వేగం రావాలంటే అది సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి పడాలి. అంటే నిలువెత్తు తాటిచెట్టు మీద నుంచన్నమాట! కారు గోడను గుద్దుకుంటే కారు ఆగుతుంది. కాని లోపలి మనిషి ఆగడు. ఏదో ఒకటి ఆపేదాకా అదే వేగంతో ముందుకు పోతాడు. దీన్నే న్యూటను మొదటి సూత్రం అంటారు. చెట్టుమీది తాతకు మోకు ఎలాంటిదో, కారులోని మనిషికి పట్టీ అలాంటిది.

పట్టీ మనిషిని పట్టుకుంటూనే కొద్దిగా సాగుతుంది. చెట్టుమీంచి పడే మామిడికాయను పట్టుకునేటప్పుడు మీరు చేతులు కొంచెం వెనక్కు తీస్తారు గదా! అదే ఉపాయం ఇక్కడ కూడా. ఆగడానికి పట్టే సమయం పెరిగినకొద్దీ దెబ్బ తగ్గుతుంది.

మనిషి ఎంత దెబ్బకు తట్టుకోగలడో తెలుసుకోవడానికి జాన్ పాల్ స్టాప్ అనే అమెరికన్ వైద్యుడు తన శరీరం మీదనే పరీక్ష చేసుకున్నాడు. 1954 డిసెంబరు 10న ఆయనను పట్టీలతో కట్టి, రాకెట్లు అమర్చిన బండిమీద కూర్చోబెట్టారు. బండి గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకుని, 1.4 సెకండ్లలో ఆగిపోయింది. ఆ క్షణంలో ఆయన మీద పడిన బలం ఆయన బరువుకు 46 రెట్లు! కళ్ళు ఎర్రబడి, కొంతసేపు చూపు పోయినా ఆయన బతికి బయటపడ్డాడు. తరువాత 1999 దాకా జీవించాడు. సరిగా కట్టిన పట్టీ ఎంత పని చేయగలదో దీనివల్ల లోకానికి తెలిసింది.

ఈనాడు మామూలు కార్లలో ఉండే పట్టీని 1959లో స్వీడన్ దేశంలోని వోల్వో కంపెనీలో నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు తయారుచేశాడు. భుజాన్నీ నడుమునూ ఒకే పట్టీతో, ఒక్క చేత్తో బిగించుకోవచ్చు. ఎవరైనా వాడుకోవచ్చునని వోల్వో ఆ ఉపాయాన్ని అందరికీ వదిలిపెట్టింది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరం ఒడ్డున విద్యుత్తు కార్ల ప్రపంచ పందెం జరిగింది. ఒక్కొక్క చుట్టు సుమారు 2.8 కిలోమీటర్లు. ఆ పందెం చూసిన పిల్లలు కొందరు తమ ఇంటి కారుకు కూడా ఆరు పట్టీలు పెట్టించమని అడగవచ్చు. అది మంచిది కాదు. పందెపు కారులో మనిషి చుట్టూ ఉక్కు పంజరమో, గట్టి గూడో ఉంటుంది. తలకు శిరస్త్రాణం ఉంటుంది. ఇంటి కారు బోల్తాపడి పైకప్పు అణిగితే, ఆరు పట్టీల మధ్య ఇరుక్కున్నవాడు పక్కకు ఒరగడానికి కూడా వీలుండదు. దేనికి తగిన పట్టీ దానికే.

చెట్లెక్కేవాళ్ళకు కూడా ఇప్పుడు కొత్త పట్టీలు వచ్చాయి. ఏటా ఎందరో గీత కార్మికులు చెట్లమీద నుంచి పడి ప్రాణాలు పోగొట్టుకోవడం, నడుములు విరగ్గొట్టుకోవడం జరుగుతున్నది. అందుకని 2024లో తెలంగాణ ప్రభుత్వం "కాటమయ్య రక్ష" అనే పేరుతో, కాలు జారినా మనిషిని పట్టి ఉంచే సామగ్రిని వాళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య వాళ్ళ కులదైవం.

మీరు ఈసారి కారెక్కినప్పుడు, వెనుక సీటులో కూర్చున్నా సరే, పట్టీని మెల్లగా లాగండి, వస్తుంది. ఠక్కున లాగండి, బిగుసుకుంటుంది. అలా బిగుసుకోకపోతే, పోగులు లేచినట్టు కనిపిస్తే, ఇంట్లో పెద్దవాళ్ళకు వెంటనే చెప్పండి. "బాగానే కనిపిస్తోంది" అని వాళ్ళు అంటే ఊరుకోకండి. కంటికి కనిపించేది పట్టీ రంగే గాని, బలం కాదు.