తొమ్మిదో తరగతికొస్తే సంగీతం మానేయాలా?

ప్రియమైన పాఠకులకు,

బడులు తెరిచే రోజులు దగ్గరపడితే నాకొచ్చే ఉత్తరాల్లో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. "అమ్మాయి తొమ్మిదిలోకి వస్తోందండీ. ఇంక సంగీతం మానిపించి ట్యూషన్‌లో వేద్దామనుకుంటున్నాం. మీరేమంటారు?" అందరికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను. దయచేసి మానిపించకండి.

ఎనిమిదేళ్లప్పుడు మొదలుపెట్టిన పిల్లలు అప్పటికి సరళీ స్వరాలు, జంట స్వరాలు, సప్త తాళ అలంకారాలు దాటి కొన్ని గీతాలు నేర్చుకుని ఉంటారు. అంతవరకూ గురువుగారు పాడింది విని అప్పజెప్పడమే ఎక్కువ. మోహన వర్ణం దగ్గర కథ మారుతుంది. చెయ్యి ఆది తాళం వేస్తూనే ఉంటుంది. లఘువుకి ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత రెండు ద్రుతాలు. చేతి నడక ఏమాత్రం మారకూడదు, గొంతు మాత్రం రెండో కాలంలోకి వెళ్లాలి. ముక్తాయి స్వరం ఆ వేగంలో పాడి పల్లవి ఎత్తుగడకి సరిగ్గా వచ్చి కలవాలి. దీనికి కావలసిన నిలకడ చాలామందికి పదమూడు, పద్నాలుగేళ్లకే వస్తుంది. ఆ నిలకడ వచ్చిన ఏడాదే మనం క్లాసు మానిపిస్తున్నాం!

శాస్త్రం కూడా ఆ వయసులోనే బుర్రకెక్కుతుంది. డెబ్భైరెండు మేళకర్తల పట్టికని చిన్నపిల్లలు బట్టీపడతారు. తొమ్మిదో తరగతి పిల్లకి కాగితం, పెన్సిలు ఇచ్చి చూడండి. రిషభ గాంధారాల జతలు ఆరు, ధైవత నిషాదాల జతలు ఆరు, మధ్యమాలు రెండు. ఆరు ఆర్లు ముప్ఫై ఆరు, రెండింతలు డెబ్భైరెండు అని తనే తేలుస్తుంది. మాయామాళవగౌళలో మొదటి రెండు అక్షరాలకి, అక్షరాలని అంకెలుగా మార్చే కటపయాది లెక్కలో, 'మా' అంటే ఐదు, 'య' అంటే ఒకటి, తిరగేస్తే పదిహేను. అది పదిహేనో మేళకర్త. ధీరశంకరాభరణానికి ఇలాగే ఇరవైతొమ్మిది వస్తుంది. ఇది తెలిసిన రోజు పిల్లల ముఖాలు చూడాలి. మిగతా మేళకర్తల పేర్లన్నీ వాళ్లే వేళ్లమీద లెక్కేసుకుంటూ కూర్చుంటారు.

మగపిల్లల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ వయసులో మానేసేవాళ్లలో వాళ్లూ చాలామందే. చక్కగా పాడే కుర్రాడు ఒకరోజు తారస్థాయి షడ్జం అందుకోబోతే గొంతు చీలుతుంది. పక్కవాళ్లు నవ్వుతారు. మర్నాడు క్లాసుకి రాడు. ఇంట్లో "వాడికి ఇష్టం పోయింది" అనుకుంటారు. ఇష్టం ఎక్కడికీ పోలేదు. స్వరతంత్రులు పొడవై, మందం పెరిగి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతోంది. నిన్నటిదాకా ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడినవాడు చివరికి ఒకటి, రెండు దగ్గర స్థిరపడతాడు. మధ్యలో కొన్ని నెలలు అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు పాత శ్రుతిలో బలవంతంగా పాడించకూడదు. శ్రుతి తగ్గించి, పై స్థాయి పక్కనపెట్టి, మంద్రంలో నెమ్మదిగా సాధన చేయించండి. అదీ కుదరకపోతే ఆ కాలానికి వయొలినో మృదంగమో పట్టించండి. గొంతు కుదురుకున్నాక మళ్లీ పాటకి రావచ్చు. ఈ ఒక్క విషయం ముందే చెబితే ఎంతమంది అబ్బాయిలు సంగీతంలో మిగులుతారో!

ఇక దారుల గురించి. మన రెండు రాష్ట్రాల పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో అందరూ రాసే పేపర్లలో సంగీతం లేదు. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పది తరగతులకి కర్ణాటక సంగీతం ఐచ్ఛిక విషయంగా ఉంది. గాత్రమో వాద్యమో ఎంచుకోవచ్చు, రాతపరీక్ష కంటే ప్రాక్టికల్‌కే మార్కులు ఎక్కువ. కాకపోతే బడిలో చెప్పేవాళ్లుండాలి. లేకపోతే ప్రభుత్వ సంగీత పాఠశాలలున్నాయి. సర్టిఫికెట్ నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. ఆరో తరగతిలో చేరిన పిల్లకి తొమ్మిది అయ్యేసరికి సర్టిఫికెట్ చేతికొస్తుంది. మధ్యలో ఆపేస్తే ఆ పరీక్ష కూడా పోతుంది.

ఒకప్పుడు ఈ చదువు కోసం ఎంత కష్టపడ్డారో కూడా చెబుతాను. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. చూపులేని ఒక అబ్బాయికి సంగీతం చెప్పించడం కోసం మహారాజావారు దాన్ని పెట్టించారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ చెప్పారు. ఘంటసాలగారు ఆ ఊరు వెళ్లింది కూడా ఈ వయసులోనే. తండ్రి లేరు, చేతిలో డబ్బు లేదు. మధూకరం చేసుకుని తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాఠం చెప్పారు. మన పిల్లలకి అంత కష్టం అక్కర్లేదు. రోజుకి ముప్పావుగంట వదలండి చాలు. పదో తరగతి పరీక్షల ముందు రెండు నెలలు దాన్ని ఇరవై నిమిషాలు చేయండి, ఫర్వాలేదు. పూర్తిగా ఆపేస్తే మాత్రం మళ్లీ మొదలుపెట్టడం చాలా కష్టం.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సంగీతం టీచరు ఉన్నవి తక్కువే. మీ ఊరి బడిలో ఉంటే, వారానికి ఎన్ని పీరియడ్లు జరుగుతున్నాయో, ఆ పీరియడు నిజంగా పాటకే వాడుతున్నారో లేక లెక్కల సిలబస్‌కి ఇచ్చేస్తున్నారో కనుక్కుని నాకు రాయండి. సంగీతం టీచర్లూ రాయండి, మీ ఉత్తరాలతోనే వచ్చే నెల శీర్షిక నింపుతాను.

ఉంటాను,
మీ శీర్షిక రచయిత్రి