డిప్పరు

మా ఊళ్లో దారి ఇవ్వడమే మాకు తెలుసు. మాకు దారి ఇచ్చినవాడు లేడు. ఆమదాలవలసలో రైలు దిగి (స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ ఊరు ఆమదాలవలసే) కాలువ గట్టు పట్టుకుని నడిస్తే మా ఊరొస్తుంది. పేరు చెప్పను. అక్కడ ఇంకా బతకాల్సినవాళ్లున్నారు. ఆ గట్టు మీద నాయుళ్ల వీధి మనిషి ఎదురొస్తే మా తాత గట్టు దిగి బురదలో నిలబడేవాడు. మా అయ్య కాలానికి సైకిలొచ్చింది. అప్పుడు దిగాల్సింది సైకిలు. నాయుళ్ల వీధి మొగ రాగానే దిగి, చెప్పులు హేండిలుకి తగిలించి, వీధి చివరిదాకా నడిపించుకుపోయి మళ్లీ ఎక్కాలి. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. రాయని రూలుకే మా ఊళ్లో బలమెక్కువ.

రాయని రూళ్లు ఇంకో రకం కూడా ఉంటాయని నాకు మా అయ్య లారీలో తెలిసింది.

అయ్య చిన్నప్పట్నించీ కంబారి. పదహారేళ్లప్పుడు, ఆమదాలవలస చక్కెర ఫేక్టరీకి చెరకు దించిన ఒక లారీ ఎక్కి పోయాడు. క్లీనరు పని. మూడు నెలల దాకా ఇంటికి కబురు లేదు. పెట్టుబడిదారు పొలంలో మనిషి తగ్గాడని మా తాతని నాలుగు రోజులు కళ్లంలో నిలబెట్టారు. తర్వాత తర్వాత అయ్యకి హెవీ లైసెన్సు వచ్చింది. పలాస జీడిపప్పు డబ్బాలు, గోగునార బేళ్లు, సిమెంటు, ఏది దొరికితే అది. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా ఐదో నంబరు జాతీయ రహదారి అయ్యకి మా పేట సందుల కంటే బాగా తెలుసు.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం, 1986లో, నన్నూ ఎక్కించుకున్నాడు. పేటలో ఉంటే నాయుళ్ల కల్లంలో పనికి పిలుస్తారని భయం. చదువుకుంటున్న గుంటడు చేతికి కొడవలి తగలకూడదని మా అమ్మ పంతం.

రాత్రి లారీ తోలడమంటే సగం లైటు తోలడమే. ఎదురు బండి కనబడగానే మన లైటు బ్రైటు నుంచి డిమ్ముకి దించాలి. వాడూ దించుతాడు. దించకపోతే ఒక్కసారి పైకి కొట్టి కిందికి దించాలి. కళ్లు పోతున్నాయి బావూ అని దాని అర్థం. అది కోపం కాదు, అడగడం. నిండు బ్రైటు కళ్లలో పడ్డాక రోడ్డు మీద నల్లదుప్పటి కప్పినట్టుంటుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 16 మీటర్ల పైనే పోతుంది. మూడు సెకన్లు కళ్లు కనబడకపోతే 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. ఆ 50 మీటర్లలో చెరకు బండి ఉండొచ్చు, పక్కన నడిచిపోయే కూలీ ఉండొచ్చు. రోడ్డు పక్కన నడిచేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

దాటడంలో ఇంకో మర్యాద ఉంది. లోడు లారీ పొడుగు ముప్పై అడుగుల దాకా ఉంటుంది. రాత్రి అద్దంలో చూస్తే వెనక బండి లైట్లు తప్ప ఏమీ కనబడదు. అది మన తోకకి పది అడుగుల దూరంలో ఉందో నలభై అడుగుల దూరంలో ఉందో తెలీదు. అందుకని దాటించుకున్నవాడే చెప్పాలి. నీ తోక దాటిపోయింది, ఇంక ఎడమకి రా అని ఒక్క డిప్పరు. దాటినవాడు ఇండికేటరు ఎడమా కుడీ ఒకసారి ఆడిస్తాడు. అది దండం. పగలు అవసరం లేకుండా ఎవడైనా లైటు కొట్టాడంటే ముందు చెకింగో యాక్సిడెంటో ఉన్నట్టు. ముందుబండి కుడి ఇండికేటరు వేస్తే దాటిపో అని లారీవాళ్ల మాట. పుస్తకం ప్రకారమైతే నేను కుడికి తిరుగుతున్నా అని. ఈ రెండు అర్థాల మధ్య ప్రాణాలు పోయినవాళ్లున్నారు. 1989 రోడ్డు రూళ్లలో దాటమని చెప్పడానికి కుడిచెయ్యి బయట పెట్టి ముందుకీ వెనక్కీ ఊపాలని రాశారు. రాత్రిపూట ఆ చెయ్యి ఎవడికి కనబడుతుంది!

రైలువాళ్లకి ఇవన్నీ పుస్తకంలోనే ఉంటాయి. మా స్టేషన్లో బండి ఆగకుండా పోతున్నా ప్లాట్‌ఫారం మీద ఒకాయన పచ్చలైటు చూపిస్తాడు, గార్డు పచ్చలైటు చూపిస్తాడు. చూపించకపోతే సంజాయిషీ ఇచ్చుకోవాలి. లారీవాడిని ఎవరూ సంజాయిషీ అడగరు. అయినా దించుతాడు. చదువురాని మా అయ్య, లారీ వెనక 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అని ఇంగ్లీషులో ఏం రాసుందో తెలియకుండానే, ముప్పై ఏళ్లు దాన్ని పాటించాడు. అయ్య తోలిన పాత బండిలో డిప్పరు స్విచ్చి క్లచ్చి పక్కన నేల మీద ఉండేది. ఎడమ కాలితో నొక్కాలి. నిద్రలో కూడా ఆయన ఎడమ పాదం కదలడం మా అమ్మ చూసి నవ్వేది.

ఒక్కచోట మాత్రం లైటు మర్యాద మా ఊరి మర్యాదలాగే ఉంటుంది. ఇరుకు వంతెన దగ్గర. ముందు లైటు కొట్టినవాడు నేనొస్తున్నా, నువ్వాగు అంటున్నట్టు లెక్క. ఇంగ్లండులో డ్రైవర్లు చాలామంది అదే లైటుని, నువ్వు ముందు రా, నేనాగుతాను అని వాడతారట. వాళ్ల రోడ్డు పుస్తకం రెండూ కాదంటుంది, నేనిక్కడున్నాను అని చెప్పడానికి తప్ప లైటు కొట్టొద్దంటుంది. నేనిక్కడున్నాను. నాకు ఈ మూడో అర్థం నచ్చింది.

ఆ ఎండాకాలంలోనే ఒక రాత్రి బరంపురం నుంచి ఖాళీగా వస్తున్నాం. కంచిలి దాటాక మా హెడ్‌లైట్లు రెండూ పోయాయి. ఫ్యూజు మార్చినా నిలవలేదు. పక్కకి తీసి కూర్చున్నాం. వెనక నుంచి ఒక లారీ వచ్చి ఆగింది. ఆ డ్రైవరు దిగలేదు. కిటికీలోంచి "నా ఎనకాల రా" అని కేకేసి కదిలాడు. అక్కణ్నించి టెక్కలి దాకా మేం అతని ఎర్రలైటు పట్టుకుని పోయాం. గొయ్యి వస్తే ఎడమ ఇండికేటరు. కల్వర్టు ఇరుకైతే బ్రేకు లైటు రెండుసార్లు. ఎదురు బండి వస్తే తనే డిప్పరు కొట్టి, వెనక ఇంకో బండుందని చెయ్యి బయటపెట్టి చూపించేవాడు. కన్నబిడ్డని కూడా అంత జాగ్రత్తగా తీసుకురారు. నేను అయ్య మొహం చూశాను. ఆయనకి ఒకడు దారి చూపిస్తూ ముందు నడవడం నేను చూడ్డం అదే మొదలు.

టెక్కలిలో తెల్లారింది. టీ హోటలు దగ్గర ఆగాం. అతనూ దిగాడు. గజపతినగరం వైపు మనిషి. మా కేనులో నీళ్లు తీసుకుని మొహం కడుక్కున్నాడు, తాగాడు. టీ చెప్పాడు. అయ్య భుజం మీద చెయ్యేసి "ఏ ఊరు బావూ" అన్నాడు. చెప్పాడు అయ్య. "ఎవులోళ్లు?"

"మాలోళ్లం."

చెయ్యి తీసేశాడు. తిట్టలేదు. మొహం చిట్లించలేదు కూడా. గ్లాసు బల్ల మీద పెట్టి, కాసేపు రోడ్డు వైపు చూసి, "రేత్రే సెప్పొచ్చు గదా" అన్నాడు.

"రేత్రి నువ్వు అడగలేదు గదా బావూ" అన్నాడు అయ్య.

అతను తన టీ డబ్బులు తను ఇచ్చుకుని వెళ్లిపోయాడు. అతనిది ఏ కులమో అయ్య అడగలేదు. అడగాల్సిన అవసరం మనకి ఉండదు, వాళ్లకే ఉంటుంది. వారం తర్వాత మడపాం దగ్గర వంశధార వంతెన దాటాక అదే బండి ఎదురొచ్చింది. అయ్య డిప్పరు కొట్టాడు. అతనూ కొట్టాడు. మనమని తెలిసే కొట్టాడంటావా అని అడిగాను. "బండికి కొట్టినాడు. నాక్కాదు" అన్నాడు అయ్య, గేరు మారుస్తూ.

హైవే మీద కులం లేదని రాసేవాళ్లని చూశాను. ఓనరుది ఏ కులమో, ఏ డ్రైవరుకి కొత్త బండి ఇస్తాడో, క్లీనరు చేత వంట ఎవరు చేయించుకుంటారో ఎవరు చేయించుకోరో ఒక్క ట్రిప్పు తిరిగితే తెలుస్తుంది. చీకట్లో, బండికీ బండికీ మధ్య ఉన్న ఆ వంద గజాల్లోనే కులం లేదు. ఆ వంద గజాలు కూడా ఇప్పుడు తగ్గాయి. రోడ్డు నాలుగు వరసలయ్యింది, 2010లో నంబరు మారి పదహారయ్యింది, మధ్యలో గట్టు కట్టి మొక్కలు నాటారు. ఎదురు బండితో మునుపటంత పని లేదు.

మా ఊరి గట్టు మాత్రం ఒక్క వరసే. దాని మీదే 2013 సంక్రాంతికి వారం ముందు మా అక్క కొడుకు మోటారు సైకిలు మీద వస్తున్నాడు. కొత్త బండి కాదు, మూడు చేతులు మారింది. రాత్రి ఎనిమిది దాటింది. పేట వైపు వీధి దీపం లేదు. ఎదురుగా ఇంకో మోటారు సైకిలు, నిండు బ్రైటు. ఎడమ పక్క కాలువ. వీడు చిన్నప్పట్నించీ తాత దగ్గర విన్నదే కదా, పాస్ లైటు ఒకసారి కొట్టాడు. అవతలవాడు దించలేదు. మళ్లీ కొట్టాడు. అవతలి బండి అడ్డంగా ఆగింది. నాయుళ్ల వీధి కుర్రాళ్లు ఇద్దరు.

"మాకే లైటు కొడతావేట్రా?"

కులం పేరుతో తిట్టారు. కొట్టారు. బండిని కాలువలోకి తోశారు. చుండూరులో 1991లో సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలైంది, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేదాకా పోయింది. ఇక్కడ తగిలింది లైటు. మా పేట పెద్దలకి అదే గుర్తొచ్చింది. పైగా అప్పటికి లక్ష్మీపేట జరిగి ఏడాది కూడా కాలేదు. 2012 జూన్ 12న మాకు దగ్గర్లోనే, వంగర మండలంలో, మడ్డువలస ప్రాజెక్టు కింద భూముల దగ్గర ఐదుగురు మాలల్ని చంపారు. ఆ రోజు నుంచి మా పేటలో ఆడవాళ్లు చీకటి పడ్డాక మగాళ్లని లెక్కపెట్టుకునేవాళ్లు. అందుకే రాజీ పడమన్నారు. పండగ ముందు గొడవెందుకన్నారు. వాళ్లని పిరికివాళ్లని నేననను. లెక్కపెట్టుకునేవాళ్ల బాధ పట్నంలో ఉద్యోగం చేసుకునే నాకేం తెలుసు.

అయ్యకి అప్పటికి కళ్లు మందగించి స్టీరింగు వదిలేశాడు. ఆయనొక్కడే ఒప్పుకోలేదు. "ముప్పై ఏళ్లు కొట్టినాను. సర్దార్జీలకి కొట్టినాను, తమిళోళ్లకి కొట్టినాను, బెంగాలోళ్లకి కొట్టినాను. ఒక్కడూ బండి దిగి నన్ను కొట్టలేదు. మా గుంటడు ఏటి తప్పు సేసినాడు? లైటు దించమన్నాడు. అంతే గదా." అని మనవణ్ని వెంటబెట్టుకుని స్టేషనుకి బయల్దేరాడు. నేను రైలు దిగి తిన్నగా అక్కడికే పోయాను.

హెడ్డుగారు ఫిర్యాదు రాస్తున్నాడు. లైటు గొడవకి అట్రాసిటీ కేసేంటని ఒకసారి విసుక్కుని, తిట్టిన మాటలు అయ్య పొల్లు పోకుండా చెప్పాక రాయడానికి ఒప్పుకున్నాడట. రాసింది చదవమని అయ్య నాకిచ్చాడు. పైకి చదివాను. 'ఎదుటి వారి ముఖములపై పదేపదే లైటు వేసి రెచ్చగొట్టగా' అని ఉంది.

"అది కొట్టీండి" అన్నాడు అయ్య.

"ఏం, లైటు వెయ్యలేదా?"

"ఎయ్యడం కాదు బాబూ. డిప్పరు అడిగినాడు."

"డిప్పరు అడగడమేంటయ్యా?"

అయ్య బల్ల మీద కూర్చునే చెప్పాడు. ఎదురు బండి, బ్రైటు, డిమ్ము, మూడు సెకన్లు, కాలువ. చెబుతున్నంతసేపూ ఆయన ఎడమ పాదం స్టేషను నేల మీద నొక్కుతూనే ఉంది. హెడ్డుగారు ఆ పాదం వైపు చూశాడు. జీపు డ్రైవరు గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. "నిజమే సార్. అది తిట్టు కాదు, అడగడమే" అన్నాడు అతను.

కేసు మూడేళ్లు నడిచి, సాక్షులు విరిగి, కొట్టేశారు. దాని గురించి వేరే రాయాలి. ఫిర్యాదు నకలు నా దగ్గరుంది. రెచ్చగొట్టగా అన్న లైను మీద అడ్డగీత, దాని పైన ఇరుకులో హెడ్డుగారి వంకర అక్షరాలు: 'డిప్పరు కొట్టమని అడిగినందున'.