ఆటలో హరికేన్

సాయంకాలమైతే మా నోయిడా ఇంట యుద్ధవిమానాల రొద. కళాశాలలో చదువుతున్న మా అబ్బాయి కంప్యూటరు ముందు కూర్చుని రెండవ ప్రపంచయుద్ధం నాటి హరికేన్ విమానాన్ని నడుపుతూ ఉంటాడు. ఇటువంటి ఆటలపై మాకు పెద్ద ఆసక్తి లేదు. కానీ ఒకనాడు అతడు, “నాన్నగారూ, ముక్కు కిందికి వంచగానే ఇంజను ఆగిపోతోంది. ఆటలో ఏదో లోపముంది” అన్నాడు. ముప్పై ఏళ్ళుగా యంత్రాలతోనే కాపురం చేస్తున్న మాకు ఆ మాటతో ప్రాణం లేచివచ్చింది.

లోపం ఆటలో లేదు, అసలు విమానంలోనే ఉండేది. 1940 నాటి హరికేన్, స్పిట్‌ఫైర్‌లలోని మెర్లిన్ ఇంజనుకు ఫ్లోటు ఉన్న కార్బురేటరు అమర్చారు. పాత స్కూటరు కార్బురేటరు విప్పి చూసిన వారికి ఆ ఫ్లోటు పరిచితమే. విమానం ముక్కును హఠాత్తుగా కిందికి నెట్టితే పెట్రోలు గిన్నె అడుగున నిలువక పైకి ఎగసిపోతుంది, ఇంజను తడబడుతుంది. జర్మనుల మెస్సర్‌స్మిట్ 109లో ఇంధనాన్ని నేరుగా సిలిండర్లలోనికి చిమ్మే ఏర్పాటు ఉన్నందున ఆ బాధ లేదు. 1941లో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు, పెట్రోలు దారిలో చిన్న రంధ్రమున్న లోహపు బిళ్ళ నొకదానిని అమర్చి ఈ చిక్కును చాలావరకు తీర్చారు. అంత పెద్ద యుద్ధంలో అంత చిన్న బిళ్ళ! మనవంటి వారికి ఇంతకంటె ఇంపైన కథ ఏముంటుంది? 2011లో వెలువడిన ‘క్లిఫ్స్ ఆఫ్ డోవర్’ అనే ఆటను రూపొందించిన వారు ఈ దోషాన్ని సైతం లెక్కలోనికి తీసుకున్నారు.

రెక్క గాలికి చేసే కోణం, పైకెత్తే బలం, గాలి నిరోధం, ప్రొపెల్లరు వలన విమానం ఒక ప్రక్కకు లాగడం, వీటన్నింటినీ కంప్యూటరు క్షణక్షణమూ గణిస్తుంది. గరిష్ఠ వేగాన్ని పుస్తకం చూసి దింపవచ్చు. యంత్రపు మొండితనాన్ని గణితంలో పెట్టడమే కష్టం.

ఆ మరుసటి ఆదివారం అబ్బాయిని పాలంలోని వాయుసేన ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళాము. 1944లో ఇంఫాల్ ముట్టడి నాడు అర్జన్ సింగ్ నాయకత్వాన మన 1వ స్క్వాడ్రన్ నడిపినవి హరికేన్లే. ఎదుట జపాను వారి కీ-43 విమానాలు. మన హరికేన్ రెక్కలో చదరపు మీటరు సుమారు 145 కిలోలు మోయాలి. కీ-43 రెక్కకు ఆ భారం సుమారు 120 మాత్రమే. అందుచేత వంపు తిరగడంలో జపాను విమానానిదే పైచేయి.

“నేను ఆడే వేరొక ఆటలో హరికేన్ దాని వెంట ఇట్టే తిరిగి కూల్చేస్తుంది” అన్నాడు అబ్బాయి.

“ఆ ఆటను నమ్మి ఇంఫాల్ మీద తిరిగి ఉంటే తిరిగివచ్చేవారు కారు, నాయనా. దానితో వంపు పోటీ పెట్టుకోకుండా, వేగంగా దూకి దూరంగా పోవడమే వారికి మార్గం. అందులో చాలామంది నీకంటె నాలుగైదేళ్ళు పెద్దవారు, అంతే.”

అబ్బాయి మాట్లాడలేదు. కొంతసేపటికి విమానానికి ఇవతలనే నడుస్తూ, ఆ కొస నుండి ఈ కొసకు రెక్కల పొడవును అడుగులతో కొలిచాడు.

“పన్నెండు మీటర్లుంటుంది, నాన్నగారూ.”

అసలు కొలత 12.2.